కుడి పక్క నక్షత్రం

ఇంకా యాభై రెండు నిమిషాలు. ఏడూ ముప్ఫై ఎనిమిదికి. ఆ లోపల పడమటి మబ్బు పైకి రాకూడదు, పక్క డాబా మీద బల్బు వెలగకూడదు, రేడియో మూగబోకూడదు, చేతులు ఇలా చెమర్చకూడదు. ఆమె అరచేతులు రుమాలుతో తుడుచుకుని దూరదర్శిని మరను వెంట్రుకవాసి ముందుకు తిప్పింది, మళ్లీ వెనక్కి తిప్పింది. ఎందుకు తిప్పినట్టు? ఆకాశంలో ఇంకా వెలుతురుంది, చూడ్డానికి ఒక్క చుక్కయినా పొడవలేదు. ప్రశ్నపత్రం చేతికి రాకముందే కలం మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేసే పిల్లలుంటారే, అలా. యాభై ఏడేళ్ల పిల్ల. పరిశీలనాలయంలో నక్షత్రాల స్థానాలు కొలిచే విభాగానికి పదకొండేళ్లుగా అధికారి. ఆమె కన్ను పడితే కొలత తప్పదని కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజే చెబుతారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా చెప్పులో రాయి గుచ్చుకున్నట్టుంటుందని వాళ్లకేం తెలుసు? రాయి. అంగారకుడి దారికీ గురుడి దారికీ మధ్య ఈ క్షణాన నల్లటి రాయి ఒకటి చప్పుడు లేకుండా వస్తోంది. ఇరవై కిలోమీటర్ల రాయి. ఏడూ ముప్ఫై ఎనిమిదికి అది ఒక నక్షత్రానికి అడ్డం పడుతుంది. దాని నీడ భూమి మీద సన్నటి చారలా పరుగెత్తి, ఈ ఊరి మీదుగా, ఈ గడియారాల కొట్టు డాబా మీదుగా దాటిపోతుంది. నీడలో ఉన్నవాళ్ల కళ్లకి ఆ నక్షత్రం మహా అయితే రెండున్నర సెకన్లు ఆరి మళ్లీ వెలుగుతుంది. అంతే. అంత మాత్రానికి దూరదర్శిని పెట్టె పట్టుకుని తొంభై కిలోమీటర్లు బస్సులో నిలబడి వచ్చింది. ఆ రాయికి ఉన్న పేరు ఆమెదే.

మెట్ల మీద ముందు దగ్గు, తర్వాత చెప్పుల చప్పుడు, ఆ తర్వాత బావ. అక్క మొగుడు. ఒక చంకలో రేడియో, ఇంకో చంకలో టేప్ రికార్డరు, మెడలో తాడుకి వేలాడుతున్న టీ ఫ్లాస్కు. నలభై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల గడియారాలు బాగుచేస్తున్న మనిషి. కింద కొట్టులో గోడ నిండా గడియారాలే, ఒకటి చెప్పిన టైము ఇంకొకటి చెప్పదు. ఇదేమిటని ఎవరైనా అడిగితే, “అవన్నీ రోగులు బాబూ, ఆసుపత్రిలో అందరి జ్వరమూ ఒకటేనా?” అంటాడు.

“ఏం మరదలా, పొడిచిందా?”

“ఇంకా లేదు బావా. ఆ బరువులన్నీ మీరే మోయకపోతే నన్ను పిలవొచ్చుగా.”

“నిన్ను పిలిచింది కళ్ల కోసం. కూలికి కాదు.”

కళ్లు. ఉత్తరంలోనూ అదే రాశాడు. ఒక కంట్లో శుక్లం తీశారు, రెండో కంట్లో ముదురుతోంది, వీధి దీపం ఒకటుంటే నాకు నాలుగు కనిపిస్తున్నాయి, ఇక నక్షత్రాలెక్కడ, నువ్వొచ్చి చూసిపెట్టు, నువ్వు చూశానంటే కాదనేవాడు లేడు. ఆ చివరి వాక్యాన్ని ఆఫీసు బల్ల దగ్గర కూర్చుని మూడుసార్లు చదివింది, ఎక్కడైనా ముల్లు ఉందేమోనని. లేదు. ఉంటే బాగుండేది. బావకి వేళాకోళం ఉంది గాని ఎత్తిపొడుపు లేదు. మనిషి గుండెని కూడా వెనక మూత తీసేసిన గడియారంలా పెట్టుకుంటాడు, ఏ చక్రం ఎక్కడ తిరుగుతోందో వచ్చినవాళ్లందరికీ కనిపిస్తుంది. తన మూత ఏ కాలంలో బిగించిందో, దాని మరలు ఎప్పుడు తుప్పు పట్టాయో. ఎప్పుడేమిటి, తెలియనట్టు! పదకొండేళ్లయింది. ఆ రాయి సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి అయిదున్నరేళ్లు. రెండు చుట్లు. రెండు చుట్లూ ఆమె పేరు మోసుకుని, ఆమె చేసినదాన్ని మోసుకుని, ఒక్క నిమిషం ఆలస్యం లేకుండా తిరిగి వచ్చింది.

పేరు పెట్టింది అక్క. పేరు పెట్టే హక్కు అక్కకి ఊరికే రాలేదు, కళ్లు కాయలు కాసేలా చూస్తే వచ్చింది. పరిశీలనాలయం కింది అంతస్తులో పలకల గది, కిటికీలు లేని గది, గోడల వెంట చెక్క అరల్లో కాగితం సంచుల్లో నిలబెట్టిన గాజు పలకలు. ఆకాశాన్ని గంటసేపు ఫోటో తీసిన పలక మీద నక్షత్రాలు చుక్కలుగా పడతాయి, కదిలేవి గీతలుగా పడతాయి. కొత్తగా చేరిన చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుని అక్క చెప్పిన మొదటి పాఠం గీత గురించీ కాదు, చుక్క గురించీ కాదు. “చిట్టీ, పలకని ఏ వైపు నుంచి చూస్తున్నావో ముందు అది చూసుకో. గాజుకి రెండు వైపులుంటాయి. తిరగేసి చూస్తే ఎడమ కుడి అవుతుంది, ఆకాశం మొత్తం అబద్ధమవుతుంది.” అందుకే ప్రతి పలకకీ మూలన సిరా చుక్క పెట్టేది అక్క. చుక్క కుడి పైమూలన ఉంటే సరిగ్గా పట్టుకున్నట్టు. ఆ వేలి కొన మీద సిరా పెళ్లిలో కూడా పోలేదు. ముప్ఫై మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, భోజనాల గంట కొట్టాక కూడా లేవకుండా, “ఇది చూడు, ఇది ఎవరిదీ కాదు,” అంది. నూలు పోగు తునకంత గీత. పెద్దాయన, అంటే అప్పటి డైరెక్టరు, పట్టికలన్నీ తిరగేసి నిజమే ఎవరిదీ కాదన్నాడు. దొరకడం ఒకరోజు పని, నిలుపుకోవడం ఏళ్ల పని. నాలుగు రాత్రుల కొలతలతో దారి లెక్క కట్టాలి, అది సూర్యుడి వెనక్కి పోయి మళ్లీ వచ్చినప్పుడు చెప్పినచోట కనిపించాలి, మళ్లీ పోవాలి, మళ్లీ రావాలి. అలా నాలుగుసార్లు మాట నిలబెట్టుకున్నాక గాని దానికి ఒక సంఖ్య ఇవ్వరు, సంఖ్య వచ్చాక గాని పేరు అడగరు. ఏడేళ్లు పట్టింది. పేరుకీ నిబంధనలున్నాయి. పదహారు అక్షరాలు మించకూడదు, కనిపెట్టినవాళ్లు తమ పేరు తామే పెట్టుకోకూడదు, పెంపుడు జంతువుల పేర్లు పెట్టకూడదు. “పిల్లి పేరు కుదరదన్నారట,” అని బావ ఊరంతా చెప్పుకుని తిరిగాడు, “అందుకని మరదలి పేరు పెట్టింది.” అక్క రాసిన రెండు వరుసల కారణం మాత్రం ఇప్పటికీ పట్టికలో ఉంది: కనిపెట్టిన వ్యక్తి చెల్లెలు, చూసింది చూసినట్టు చెప్పే మనిషి.

చూసింది చూసినట్టు. ఆమె గబుక్కున కంటిగాజు మీదికి వంగింది, అక్కడ ఏమీ లేకపోయినా. ఏమీ లేనిచోట చూస్తూ కూర్చోవడంలో ఒక సుఖం ఉంది, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. బావ రేడియో చెవి మెలిపెట్టి సరైన స్టేషను వెతుకుతున్నాడు. బుస్సు, కూత, ఎక్కడో ఎవరో వార్తలు చదువుతున్న గొంతు, మళ్లీ బుస్సు, అప్పుడు సన్నగా, దూరంగా, సెకనుకొకసారి ‘టక్’. పగలూ రాత్రీ సెకన్లు తప్ప ఇంకేమీ చెప్పని స్టేషను. నిమిషం పూర్తయితే కొంచెం సాగదీసి కూస్తుంది. “ఇదిగో,” అన్నాడు బావ తృప్తిగా, “ప్రపంచంలో రోగం లేని గడియారం ఇదొక్కటే.” ఆరూ యాభై ఎనిమిది. నలభై నిమిషాలు. పడమట ఒక నక్షత్రం, తల మీద ఒకటి. ఆమె దూరదర్శినిని తిప్పుకుంటూ ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి, ఇటుక మీంచి ఇటుక మీదికి దాటుకుంటూ బురద దాటినట్టు, పోసాగింది. కంటిగాజు ముందు చిన్న అద్దం బిగించి ఉంది, మెడ విరుచుకోకుండా పైనుంచి వంగి చూడ్డానికి. అద్దం. దాన్ని వేలితో తాకి చూసుకుంది. ఉంది. మళ్లీ తాకింది. ఉంది. పదకొండేళ్ల కిందట కూడా ఉంది కదే.

ఆ రాత్రి ఇక్కడ కాదు, ఇక్కడికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఒక బడి ఆటస్థలంలో. పరిశీలనాలయం తరఫున ఆమె, అరువు తెచ్చిన చిన్న దూరదర్శినితో. ఇక్కడ డాబా మీద బావ, తను సొంతంగా అద్దాలు అరగదీసుకుని చేసుకున్న దూరదర్శినితో. అక్క జ్వరంతో కింద పడుకుని ఉంది. అప్పుడూ ఇదే రాయి, వేరే నక్షత్రం. చిన్న మూడు చుక్కల ముక్కోణం, దానికి అటొక నక్షత్రం, ఇటొక నక్షత్రం, కవల పిల్లల్లా ఒకే వెలుగు. పటంలో ఆరవలసింది ముక్కోణానికి కుడి పక్కది. ఆమె కుడి పక్కదాన్నే చూసింది. చలికి కంట్లోంచి నీళ్లు కారుతున్నా రెప్ప వేయకుండా చూసింది. ఆరలేదు. ముందు అయిదు నిమిషాలు, తర్వాత అయిదు నిమిషాలు, ఒక్కసారి తడబడనైనా లేదు. ‘ఆరలేదు’ అని నివేదిక పంపింది. బావ పంపిన టేపులో రేడియో టక్కుల మధ్య ఆయన గొంతు, “ఆరింది!”, రెండు పాయింట్ ఆరు సెకన్లకి, “వచ్చింది!” కింద పడుకున్న అక్కకి ఆ కేక పైకప్పులోంచి వినిపించిందట, దొంగలు పడ్డారనుకుందట. రెండు నివేదికలు, మధ్య పన్నెండు కిలోమీటర్లు, నీడ వెడల్పేమో ఇరవై, రెండు చోట్లూ ఆ నీడ దారి లోపలే. రెండూ నిజం కావడానికి లెక్కలో చోటు లేదు. పెద్దాయన ఎవరి మాట నమ్ముతాడు? నక్షత్ర పరిశీలకుల సంఘం వాళ్ల పత్రికలో ఆయన రాసిన నాలుగు పంక్తులు ఆమెకి కంఠతా వచ్చు. అనుభవజ్ఞురాలైన పరిశీలకురాలు ఆరలేదని స్పష్టంగా నివేదించినందున, గడియారాల మరమ్మతు వృత్తిగా గల ఒక ఔత్సాహికుడి నమోదును లెక్కలోకి తీసుకోలేదు. అది రెప్పపాటు అయివుండవచ్చు. అంతే, ఆ రోజు నుంచి సంఘంలో ఆయన పేరు పోయి ‘రెప్పపాటు’ మిగిలింది. సమావేశాల్లో, రెప్పపాటు గారూ టీ తాగుతారా. రెప్పపాటు గారూ గ్రహణం చూశారా, లేక మధ్యలో రెప్ప పడిందా. ఆయనా నవ్వేవాడు. ఒక ఏడాది నవ్వాడు. తర్వాత సమావేశాలకి వెళ్లడం మానేశాడు, కొట్టు వదలడం కుదరడం లేదని చెప్పి. ఇంకా తర్వాత తన చేత్తో చేసుకున్న అద్దాన్ని పాత దుప్పటిలో చుట్టి మంచం కిందికి తోసేశాడు.

“ఆ బల్బు!” బావ గొంతుకి ఉలిక్కిపడింది. పక్క డాబా మీద దర్జీ ఆవిడ ఆరేసిన బట్టలు తీసుకోవడానికి దీపం వేసింది. పిట్టగోడ దాకా వెళ్లి బావ చేతులూపాడు. “అమ్మాయ్! ఆ లైటు కాసేపు తీసెయ్యి తల్లీ!”

“చీకట్లో బట్టలెలా తియ్యనండీ? మళ్లీ చుక్క ఆరిపోతుందా ఏంటి?”

“ఆరుతుంది! ముందు నువ్వు నీది ఆర్పితే!”

“పోయినసారి కూడా ఇట్లాగే అన్నారు బాబాయిగారూ. నా సూది గుడ్డలో పోయింది, మీ చుక్కేమో ఆరలేదన్నారు.” గలగలా నవ్వు, ఆ తర్వాత బల్బు ఆరింది. బావ కూడా నవ్వాడు. ఆమె మాత్రం కంటిగాజుకి కన్ను అతికించుకుని ఉంది, నవ్వితే కదిలిపోతుందన్నట్టు. దర్జీకి కూడా తెలుసు. ఆరలేదన్నారు. ఎవరన్నారు? తనే.

రెండు నెలల తర్వాత తెలిసింది. ఎవరూ అడగలేదు, ఎవరూ తవ్వలేదు. వేరే పనికి ఆ ప్రాంతం పలక తీసి దీపం ముందు పెట్టింది. సిరా చుక్క కుడి పైమూలన ఉంది. ముక్కోణం ఉంది, అటూ ఇటూ కవలలున్నారు. ఆ రాత్రి పుస్తకంలో తను చూసిన నక్షత్రం పక్కన రెండు సన్నటి చుక్కల జంట గీసుకుంది, బాగా గుర్తు. పలక మీద ఆ జంట రెండో నక్షత్రం పక్కన ఉంది. ఎడమదాని పక్కన. ఒక నిమిషం ఏమీ అర్థం కాలేదు, ఆ తర్వాత అంతా ఒకేసారి అర్థమైంది, మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టు. పరిశీలనాలయంలో పెద్ద దూరదర్శినికి ఆ అద్దం ఉండదు. అరువు తెచ్చినదానికి ఉంది. అద్దంలో ఎడమ కుడి అవుతుంది, పటాన్ని తిరగేసి వెనకనుంచి దీపం పెట్టి చూడాలి. తిరగెయ్యలేదు. కుడి పక్కది కుడి పక్కనే ఉందనుకుంది. గాజుకి రెండు వైపులుంటాయి చిట్టీ. తన నక్షత్రం ఎందుకు ఆరుతుంది, దానికి ఏ రాయీ అడ్డం రాలేదు. పక్కది ఆరే ఉంటుంది. బావ చూశాడు. చూసింది చూసినట్టు చెప్పాడు. అప్పుడే వెళ్లి చెప్పి ఉంటే? పెద్దాయన గది పదిహేను అడుగుల దూరం. కాని అప్పటికి మూడు వారాలైంది ఆమెని విభాగానికి అధికారిని చేసి. చిన్న గొడవేం కాదు, తొమ్మిదిమంది పోటీ. అధికారి అయిన మూడు వారాలకే వెళ్లి, అయ్యా నేను పక్క నక్షత్రాన్ని చూశానని, కొత్తగా చేరినవాళ్లు కూడా చెయ్యని తప్పు... భోజనాల గంట కొట్టింది. పలకని సంచిలో పెట్టేసింది. రేపు చెబుదామనుకుంది. రేపు అన్నది కూడా రాయిలాంటిదే, దాని దారిలో అది తిరుగుతూనే ఉంటుంది, దగ్గరికి రాదు.

ఏడూ పదిహేడు. ఇరవై ఒక్క నిమిషాలు. నక్షత్రం దొరికింది. దొరికిందా? గాలిపటంలా నాలుగు చుక్కలు, తోక చివర కొంచెం పసుపురంగులో ఒకటి. అదే. అదేనా? పటం తీసి, ఎర్ర కాగితం చుట్టిన టార్చి దాని వెనక పట్టి, తిరగేసి చూసింది. తోక ఎడమకి తిరిగింది. కంటిగాజులోనూ ఎడమకే. మళ్లీ చూసింది. గొంతు ఎండిపోయింది. అక్క చివరిరోజుల్లో ఇలాగే గొంతు ఎండిపోయేది, చెంచాతో నీళ్లు పోయాల్సి వచ్చేది. నాలుగేళ్ల కిందట, ఆసుపత్రి గదిలో, బావ మందులకి కిందికి వెళ్లినప్పుడు, అక్క కళ్లు తెరిచి, “చిట్టీ, ఒకటడగనా,” అంది. “ఆ రాత్రి నువ్వు నిజంగా చూశావా?” చెంచా చేతిలోనే ఉంది. ఇప్పుడు చెప్పు. చెప్పేసెయ్యి. పోయే మనిషికి అబద్ధం చెప్తావా? కాని పోయే మనిషికి, నీ చెల్లెలు నీ మొగుణ్ణి ఏడేళ్లు నవ్వులపాలు చేసి ఊరుకుందని ఎలా చెప్పడం? “చూశానక్కా. ఆరలేదు.” అక్క కాసేపు పైకప్పుకేసి చూసింది. “పాపం ఆయనకి రెప్ప పడినట్టుంది,” అని నవ్వింది, చాలా ప్రేమగా, పెళ్లాలు మాత్రమే నవ్వే నవ్వు. అలా నమ్మే వెళ్లిపోయింది. ఆమె మాటే నమ్మింది, ఆ కళ్లకి పని నేర్పింది తనే గనుక. చూసింది నిజమే కదా, ఆరలేదన్నదీ నిజమే కదా, ఏ నక్షత్రమో అక్క అడగలేదు కదా అని బస్సులో వస్తూ తనకి తాను చెప్పుకున్న రోజొకటుంది. ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అసలు బెంగ మబ్బు గురించి కాదు, ఒప్పుకో. ఈ రాత్రి నక్షత్రం ఆరినా ఆరకపోయినా ఆ రాత్రి సంగతి తేలదు. వేరే నక్షత్రం, వేరే నీడ. ఆకాశం సాక్ష్యానికి రాదు. తేల్చవలసింది తన నోరు. చెప్పాలనే వచ్చింది. బస్సు దిగేటప్పుడు చెబుదామనుకుంది, కొట్టు మూస్తున్నప్పుడు చెబుదామనుకుంది, మెట్లెక్కుతూ పదమూడో మెట్టు మీద నోరు తెరిచింది కూడా. దానికి అడ్డంగా ఒక ఆలోచన వచ్చి నిలబడింది, మంచి ఆలోచన, అందుకే దాని మీద అనుమానం. ఈ రాత్రి నీడ దారిలో ఇంకెవరూ లేరు, పరిశీలనాలయం చారకి బయట పడింది, ఉన్నది ఈ డాబా ఒక్కటే. బావ అడిగింది ఒక్కటే: నువ్వు చూశానంటే కాదనేవాడు లేడు. అవును, ఎందుకు లేడు? పదకొండేళ్లుగా ఆమె ఒక్క తప్పూ చెయ్యలేదని అందరూ అనుకుంటున్నారు గనుక. పక్క నక్షత్రాన్ని చూసిన మనిషినని ఒప్పుకుంటే ఈ రాత్రి మాట మాత్రం ఎవరు నమ్ముతారు? ఒప్పుకుంటే బావకి పాతది తిరిగొస్తుంది, కొత్తది పోతుంది. ఒప్పుకోకపోతే కొత్తది నిలుస్తుంది, పాతది రెప్పపాటుగానే ఉండిపోతుంది. చూశావా ఎంత చక్కగా కుదిరిందో, నోరు మూసుకోవడం కూడా ఆయన మేలుకే! పదకొండేళ్లుగా ప్రతిసారీ ఇలాగే ఏదో ఒకటి కుదురుతూ వచ్చింది.

“ఏడూ ఇరవై ఎనిమిది,” అన్నాడు బావ. “టేపు వేస్తున్నా. ఇక్కడి నుంచి దగ్గొచ్చినా మింగాలి.” నిబంధన అదే. ముందు నుంచి చివరిదాకా టేపు ఆగకూడదు, కొయ్యకూడదు, అతకకూడదు. రేడియో టక్కులూ మనిషి గొంతూ ఒకే టేపు మీద తెగకుండా పడితేనే ఆ టైము చెల్లుతుంది. ఆ టేపు యథాతథంగా సంఘానికి వెళ్తుంది, అక్కడ ముగ్గురు కూర్చుని వింటారు. క్లిక్. టక్. టక్. బావ మైకుని ఆమె ముందు పెట్టి, పిట్టగోడ మీద కూర్చున్నాడు. ఆమె ఊరు చెప్పింది, తేదీ చెప్పింది, దూరదర్శిని కొలత చెప్పింది, రాయి పేరు చెప్పింది. తన పేరు తన నోటితో పరాయిదాని పేరులా పలికింది. గాలిపటం, తోక, పసుపు నక్షత్రం. నిమిషాలు గడిచాయి. ఒక సన్నటి మబ్బు పీలిక నక్షత్రం మీదుగా పాకింది, వెలుగు మసకబారింది, ఆమె ఊపిరి బిగబట్టింది, పీలిక వెళ్లిపోయింది. సాగదీసిన కూత. ఏడూ ముప్ఫై ఆరు. రెండు నిమిషాలు. నక్షత్రం నిశ్చలంగా ఉంది. మూలన సిరా చుక్క లేదు, ఆకాశానికి సిరా చుక్క పెట్టేవాళ్లు లేరు, ఎవరి చుక్క వాళ్లే పెట్టుకోవాలి. అప్పుడు, ఇంకో కూతకి ముందు, తన గొంతు తనకే వినిపించింది.

“పరిశీలకురాలి వివరణ. ఈ దూరదర్శినికి అద్దం ఉంది. పటాన్ని తిరగేసి సరిచూశాను. మూడుసార్లు సరిచూశాను. గాలిపటం తోక ఎడమకి ఉంది, నేను చూస్తున్నది తోక చివరి నక్షత్రాన్ని. ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, పదకొండేళ్ల కిందట ఇదే గ్రహశకలానికి నేనిచ్చిన నివేదికలో అద్దం సంగతి మరిచిపోయాను. పటం తిరగెయ్యలేదు. ముక్కోణానికి రెండో పక్కనున్న నక్షత్రాన్ని చూసి, ఆరలేదని రాశాను. రెండు నెలల తర్వాత నాకు తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. ఆ నివేదికను ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. ఆ రాత్రి సరైన నక్షత్రాన్ని చూసినవారు ఒక్కరే, ఆయన చెప్పిన రెండు పాయింట్ ఆరు సెకన్లు... ఆరింది!”

లేదు. నక్షత్రం లేదు. గాలిపటం ఉంది, తోక తెగిపోయింది. అక్కడ నల్లగా, శుభ్రంగా, ఏమీ లేనిచోటు, అక్క నూలు పోగు, టక్, తన పేరున్న రాయి, టక్, “వచ్చింది!”

తర్వాత అయిదు నిమిషాలు కన్ను తియ్యకూడదు. రాయికి తోడుగా ఇంకేదైనా చిన్న ముక్క తిరుగుతుంటే మళ్లీ ఆరవచ్చు. బావ ముఖం చూడ్డానికి వీల్లేదు. ఆయన కూర్చున్నవైపు చెవి పెట్టింది. టక్. ఊపిరి వినిపించలేదు. టక్. ఫ్లాస్కు మూత చప్పుడైనా లేదు. వెళ్లిపోయాడా? మెట్ల చప్పుడు వినేది కదా. తనకేసి చూస్తున్నాడా, చీకట్లో ఆ నాలుగు దీపాల కళ్లతో? కంట్లోంచి నీళ్లు కారి కంటిగాజు మీద పడ్డాయి, నక్షత్రం పగిలి పది ముక్కలైంది, మళ్లీ ఒకటైంది. పదకొండేళ్లు సులువుగానే గడిచాయి. ఈ అయిదు నిమిషాలే గడవలేదు. కూత. కూత. కూత. కూత. కూత. క్లిక్.

“రెండు పాయింట్ నాలుగుంటుందా?” అన్నాడు బావ. మామూలు గొంతు.

“రెండున్నరకి కాస్త తక్కువ. విని లెక్కపెట్టాలి.”

“ఆ ముందు ముక్క కోసేద్దామా?”

ఆమె తల తిప్పి చూసింది. చీకట్లో చొక్కా తెలుపు తప్ప ఏమీ కనిపించలేదు. “టేపు కోస్తే టైము చెల్లదు బావా.”

“తెలుసు. నీకు గుర్తుందో లేదోనని అడిగా.”

రేడియో దాని పాటికది సెకన్లు చెబుతూనే ఉంది.

“ఏది చూశావు మరి?”

“కుడి పక్కది.”

“ఊఁ,” అన్నాడు. ఆలోచించాడు. “అదీ మంచి నక్షత్రమే.” నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. “మీ అక్క ఉండగా చెప్పాల్సింది,” అన్నాడు.

ఆయన జేబులోంచి మడతపెట్టిన ఫారం తీసి దూరదర్శిని పెట్టె మీద పరిచి, ఎర్ర టార్చి పట్టుకున్నాడు. ఆమె రాసింది. గ్రహశకలం పేరు: తన పేరు. పరిశీలకులు: తన పేరు. కలం ‘ఇతర వివరాలు’ అన్న గడి దగ్గరికి వచ్చి ఆగింది.

“ఏమైంది బాబాయిగారూ?” పక్క డాబా మీంచి దర్జీ కేకేసింది. “ఈసారైనా ఆరిందా?”

బావ టార్చి ఆమె చేతికిచ్చి లేచాడు. పిట్టగోడ దాకా నడిచి, రెండు చేతులూ దాని మీద ఆనించి, వీధి మొత్తానికి చెబుతున్నట్టు గొంతెత్తాడు.

“ఆరిందమ్మా! పోయినసారి కూడా ఆరింది!”

దర్జీ బల్బు వేసింది. ఆ వెలుగులో ఆమె టార్చి ఆర్పేసి, ఆ మూడో గడిలో, పదకొండేళ్ల కిందటి తేదీ వేసి, ఆ నివేదిక తప్పని రాసి, దాని కింద మళ్లీ తన పేరు రాసింది.